401కె ప్లాన్ కవరేజ్ టెస్టు ఫెయిలైతే హెచ్‌సీఈలకు డబ్బు వెనక్కిస్తే సరిపోతుందా?

ముందుగా మీ ప్రశ్నను రెండు మాటల్లో చెప్పుకుంటాను. న్యూజెర్సీలో మీకు నూరు శాతం వాటా ఉన్న ఐటీ కన్సల్టింగ్ సంస్థలో సేఫ్ హార్బర్ మ్యాచ్‌తో (యజమాని నిర్ణీత లెక్కన కలిపే సొమ్ముతో) 401కె ప్లాన్, అంటే ఉద్యోగులు జీతంలోంచి రిటైర్‌మెంట్‌కు దాచుకునే పథకం, నడుస్తోంది. దానికి తోడు 90 శాతం మీ వాటాతో, మిగిలిన 10 శాతం అక్కడే ఉండి నడిపించే భాగస్వామి వాటాతో ఒక రెస్టారెంట్ ఎల్ఎల్‌సీ ఉంది. దాని మొదటి శాఖను 2021లోనూ, రెండోదాన్ని 2023 మార్చిలోనూ మీరే కొత్తగా తెరిచారు. రెస్టారెంట్ సిబ్బందికి ప్లాన్ లేదు. 2024 సంవత్సరానికి కవరేజ్ టెస్టు, అంటే తక్కువ వేతన ఉద్యోగుల్లో తగినంతమందికి ప్లాన్ వర్తిస్తోందా అని చూసే పరీక్ష, ఫెయిలైందని మీ టీపీఏ (ప్లాన్ లెక్కలు చూసే బయటి సంస్థ) 2025 వేసవిలో చెప్పారు. రెస్టారెంట్ వేరే కంపెనీ కదా అనీ, సేఫ్ హార్బర్ ప్లాన్‌కు టెస్టులు ఉండవన్నారు కదా అనీ, హెచ్‌సీఈలకు, అంటే యజమానులకూ ఎక్కువ జీతం వారికీ, కొంత సొమ్ము వెనక్కిస్తే సరిపోతుందా అనీ మీరు అడిగారు.

సూటిగా చెప్పాలంటే, సొమ్ము వెనక్కివ్వడం ఈ లోపానికి పరిష్కారం కాదు. బయట ఉండిపోయిన తక్కువ వేతన ఉద్యోగుల్లో కావలసినంతమందిని 2024కు వర్తించేలా ప్లాన్‌లోకి తీసుకువచ్చి, వారి ఖాతాల్లో యజమానిగా మీరు సొమ్ము వేయాలి. అందుకు ప్లాన్ సవరణ మీద 2025 అక్టోబర్ 15 లోపు సంతకం కావాలి. అయితే ఆ ఖర్చుకు సిద్ధపడే ముందు టీపీఏ లెక్కలోకి వెళ్లిన ఉద్యోగుల జాబితాను ఒక్కో పేరు చొప్పున చూడండి. మీరు రాసిన వివరాలను బట్టి ఆ జాబితాలో కనీసం రెండు చోట్ల సవరణలు ఉండవచ్చని నాకనిపిస్తోంది.

మీ మొదటి రెండు సందేహాలు త్వరగా తీరేవే. అమెరికా పన్ను చట్టమైన ఇంటర్నల్ రెవెన్యూ కోడ్‌లోని సెక్షన్ 414 ప్రకారం ఒకే యజమాని చేతిలో 80 శాతం లేదా అంతకు మించి వాటా ఉన్న సంస్థలన్నీ రిటైర్‌మెంట్ ప్లాన్ నిబంధనల దృష్టిలో ఒకే యజమాని కిందికి వస్తాయి. మీ వాటాలు ఒకచోట 100, మరోచోట 90. కాబట్టి ఎల్ఎల్‌సీ వేరైనా, ట్యాక్స్ నంబరు వేరైనా, రెస్టారెంట్ సిబ్బంది మీ ఐటీ సంస్థ ప్లాన్ టెస్టులో లెక్కకు వస్తారు. సేఫ్ హార్బర్ విషయానికొస్తే, అది మినహాయింపు ఇచ్చేది ప్రధానంగా ఏడీపీ, ఏసీపీ టెస్టుల నుంచి (ఉద్యోగులు దాచుకునే శాతాన్ని, వారికి వచ్చే మ్యాచ్ శాతాన్ని పోల్చేవి). సెక్షన్ 410బి కింద జరిగే కవరేజ్ టెస్టు నుంచి కాదు. ఈ అపోహ మన వ్యాపారులలో ఎంత బలంగా ఉందంటే, కొత్తగా వచ్చే ప్రతి క్లయింటుకూ నేను మొదటి సమావేశంలోనే ఈ మాట చెప్పవలసి వస్తోంది.

వెనక్కివ్వడం ఎందుకు పనికిరాదో కూడా అర్థం చేసుకోవాలి. ఏడీపీ టెస్టు ఎవరు ఎంత శాతం దాచుకున్నారో కొలుస్తుంది గనుక, పైవారి శాతం తగ్గిస్తే అది సర్దుకుంటుంది. కవరేజ్ టెస్టు కొలిచేది మొత్తాన్ని కాదు, అవకాశం ఎంతమందికి ఇచ్చారన్నదాన్ని. 401కె భాగానికి సంబంధించినంతవరకు ఉద్యోగికి డిఫరల్ (జీతంలోంచి ప్లాన్‌లో దాచుకోవడం) చేసుకునే హక్కు ఉంటే చాలు, ఆయన ఒక్క డాలరు వేయకపోయినా ప్లాన్‌లో లబ్ధిదారుగానే లెక్క. ఆ హక్కు ఉన్న హెచ్‌సీఈలకు ఎంత తిరిగిచ్చినా వారు లబ్ధిదారులు కాకుండా పోరు, రెస్టారెంట్ వంటమనిషికి రాని అవకాశం వచ్చినట్టూ అవదు.

లెక్క ఎలా పనిచేస్తుందంటే, హెచ్‌సీఈలు కాని ఉద్యోగుల్లో ఎంత శాతం మందికి ప్లాన్ వర్తిస్తుందో తీసుకుని, దాన్ని హెచ్‌సీఈలలో ప్లాన్ వర్తించే శాతంతో భాగిస్తారు. ఫలితం 70 శాతానికి తగ్గకూడదు. 2024 టెస్టుకు హెచ్‌సీఈ అంటే ఆ సంవత్సరంలో గానీ, అంతకు ముందు సంవత్సరంలో గానీ 5 శాతానికి మించి వాటా ఉన్నవారు, లేదా 2023లో 1,50,000 డాలర్లకు మించి జీతం తీసుకున్నవారు. జీవిత భాగస్వామి, పిల్లలు, తల్లిదండ్రుల వాటా కూడా ఉద్యోగి వాటాగానే చూస్తారు కాబట్టి, ఐటీ సంస్థలో చిన్న జీతానికే పనిచేస్తున్నా మీ శ్రీమతి గారు హెచ్‌సీఈయే. మీరిచ్చిన సంఖ్యల ప్రకారం ఐటీ సంస్థలో 8 మంది హెచ్‌సీఈలు, 30 మంది ఇతరులు ఉన్నారు, అందరికీ ప్లాన్ ఉంది. రెస్టారెంట్లలో లెక్కకు వచ్చే ఇతరులు 30 మంది, ఎవరికీ లేదు. అంటే 60లో 30, 50 శాతం; హెచ్‌సీఈలలో 100 శాతం. నిష్పత్తి 50. గట్టెక్కాలంటే 42 మంది కావాలి, అంటే ఇంకా 12 మందిని లోపలికి తేవాలి.

2023 వరకు పాసైన ప్లాన్ 2024కు ఎందుకు బోల్తా పడిందన్న మీ ఆశ్చర్యానికి సమాధానం రెండో శాఖలో ఉంది. మొదటి శాఖ నుంచి లెక్కకు వచ్చేవారు 10 మందే ఉన్నంతకాలం 40లో 30, అంటే 75 శాతంతో నెగ్గుకొచ్చారు. 2023లో రెండో శాఖ తెరిచినా అక్కడివారికి ఏడాది సర్వీసు నిండలేదు గనుక ఆ సంవత్సరం వారు లెక్కకు రాలేదు. 2024లో ఏడాది నిండడంతో ఒక్కసారిగా 20 పేర్లు వచ్చి చేరాయి. ఒకవేళ మీరు ఆ శాఖను నడుస్తున్న వ్యాపారంగా 2024లో కొని ఉంటే పరిస్థితి వేరుగా ఉండేది. కొనుగోలు, విలీనం జరిగినప్పుడు అంతకు ముందు టెస్టు పాసవుతున్న ప్లాన్‌కు, కవరేజ్‌లో పెద్ద మార్పులు చేయనంతవరకు, మరుసటి ప్లాన్ సంవత్సరం ముగిసేదాకా వెసులుబాటు ఉంటుంది. సొంతంగా తెరిచిన శాఖకు ఆ వెసులుబాటు లేదు.

ఇక జాబితా సంగతి. మీ ప్లాన్‌కు 21 ఏళ్ల వయసు, ఏడాది సర్వీసు నిబంధన ఉందనీ, ప్రవేశ తేదీలు జనవరి 1, జూలై 1 అనీ రాశారు. అది మీకు చాలా మేలు చేసే విషయం. 21 నిండనివారు, ఏడాదిలో 1,000 గంటలు పనిచేయనివారు, అర్హత వచ్చినా ప్రవేశ తేదీ ఇంకా రానివారు లెక్కలోంచి పోతారు. రెస్టారెంట్‌లో ఈ మూడు రకాలవారూ పుష్కలంగా ఉంటారు. రెండో శాఖలో 2023 మార్చిలో చేరిన వ్యక్తికి 2024 మార్చిలో ఏడాది నిండి, జూలై 1న ప్రవేశం వస్తుంది కాబట్టి ఆయన లెక్కకు వస్తారు. కానీ 2023 సెప్టెంబరులో చేరిన వ్యక్తికి ప్రవేశ తేదీ 2025 జనవరి 1. 2024 టెస్టులో ఆయన పేరు ఉండనే కూడదు. సంవత్సరాంతపు పేరోల్ రిపోర్టును చేరిన తేదీలతో సరిచూడకుండా సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించినప్పుడు ఇలాంటి పేర్లు లోపలికి వచ్చేస్తాయి. చేరిన తేదీ, పుట్టిన తేదీ, పనిచేసిన గంటలు, ఈ మూడు కాలమ్‌లను మీ మేనేజర్‌తో కూర్చుని సరిచూడండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. సంవత్సరం మధ్యలో 500 గంటలకు మించకుండా పనిచేసి మానేసినవారిని వదిలేయవచ్చన్న నియమం ఒకటి ఉంది. చాలామంది దాన్ని రెస్టారెంట్ సిబ్బందికీ వర్తింపజేయాలని చూస్తారు. ప్లాన్‌లో సభ్యులై ఉండి, కేవలం గంటల నిబంధన వల్లనో సంవత్సరాంతపు నిబంధన వల్లనో కాంట్రిబ్యూషన్ రానివారికే ఆ నియమం. అసలు ప్లాన్‌లోనే లేని వర్గానికి అది వర్తించదు.

రెండో సవరణ నా దృష్టిలో మరింత విలువైనది. మీ 10 శాతం భాగస్వామి రోజూ రెస్టారెంట్లు నడిపిస్తున్నారని రాశారు. ఎల్ఎల్‌సీ భాగస్వామి కాబట్టి ఆయనకు డబ్ల్యూ-2 (జీతం వివరాల పత్రం) రాదు, కె-1 (లాభంలో వాటా చూపే పత్రం) మాత్రమే వస్తుంది; అందువల్ల పేరోల్ జాబితాలో ఆయన పేరే ఉండదు. కానీ ఆ సంస్థలో పనిచేసి స్వయం ఉపాధి ఆదాయం పొందుతున్న భాగస్వామి ప్లాన్ నిబంధనల దృష్టిలో ఉద్యోగే. 5 శాతానికి మించి వాటా ఉంది కాబట్టి హెచ్‌సీఈ. ప్లాన్ ఆయనకు వర్తించడం లేదు. అప్పుడు హెచ్‌సీఈలు 9 మంది, వారిలో లబ్ధిదారులు 8 మంది, అంటే 88.9 శాతం. ఇప్పుడు 50ని 88.9తో భాగిస్తే 56 శాతం దాటుతుంది. లోపలికి తేవలసినవారు 12 నుంచి 8కి తగ్గుతారు. పైన చెప్పిన తేదీల సవరణలో ఒక నలుగురు తగ్గి 60 కాస్తా 56 అయితే, 35 మంది ఉంటే చాలు. అంటే కొత్తగా ఐదుగురు. జీతం ఎక్కువున్నా ప్లాన్ లేని మనిషి ఈ టెస్టులో మీకు బలం, అందుకే ఆయనను వదిలేయకూడదు.

అమెరికాలోని తెలుగువారి సంస్థల జాబితాల్లో తరచూ వచ్చే ఇంకొక ప్రశ్న హెచ్-1బి ఉద్యోగుల గురించి. విదేశీయులు గనుక వారిని తీసేయవచ్చని ఎవరైనా చెబితే నమ్మవద్దు. తీసేయగలిగేది నాన్‌రెసిడెంట్ ఏలియన్ అయి ఉండి అమెరికాలో సంపాదించిన ఆదాయం ఏమీ లేనివారిని మాత్రమే. ఎడిసన్‌లో కూర్చుని పనిచేసే హెచ్-1బి ఉద్యోగి లెక్కకు వస్తారు, ఓపీటీ మీద ఉన్నవారు కూడా వస్తారు. హైదరాబాద్‌లోని మీ అనుబంధ సంస్థలో, అక్కడే ఉండి పనిచేసే ఉద్యోగులు లెక్కకు రారు. ఒక క్లయింటు విషయంలో హైదరాబాద్ ఆఫీసు వారందరినీ సెన్సస్‌లో (టెస్టుకు పంపే ఉద్యోగుల జాబితాలో) చేర్చి పంపారు, నిష్పత్తి పాతాళానికి పడిపోయింది. ఆ పేర్లు తీసేశాక ప్లాన్ ఏ సవరణా లేకుండానే పాసైంది.

70 శాతం రాకపోయినా యావరేజ్ బెనిఫిట్ టెస్టు అనే రెండో దారి ఉంది. టీపీఏ చేత ఆ లెక్క కూడా వేయించండి, కానీ దాని మీద ఆశ పెట్టుకోకండి. అందులో రెండు మెట్లు. మొదటిది వర్గీకరణ సహేతుకంగా ఉండడం, నిష్పత్తి ఒక కనీస స్థాయికి తగ్గకపోవడం. మీ సంస్థలో హెచ్‌సీఈలు కానివారు 88 శాతం దాకా ఉన్నారు కాబట్టి ఆ సేఫ్ హార్బర్ స్థాయి సుమారు 29 శాతం. మీ 50 దాన్ని తేలిగ్గా దాటుతుంది. రెండో మెట్టు దగ్గరే చిక్కు. అక్కడ అందరి సగటు లబ్ధిని, ప్లాన్ లేనివారిని సున్నాగా వేసి, పోలుస్తారు. ఐటీ సంస్థలోని 30 మంది సగటున డిఫరల్ 5 శాతం, మ్యాచ్ 3 శాతం పొందుతున్నారని మీరిచ్చిన రిపోర్టు చెబుతోంది. 30 సున్నాలు కలిస్తే ఆ 8 కాస్తా 4 అవుతుంది. హెచ్‌సీఈల సగటు 12. భాగస్వామి సున్నాను కలిపినా 10.67కి మించి తగ్గదు. 4ను దానితో భాగిస్తే 37.5 శాతం, కావలసింది 70.

కాబట్టి సవరణ తప్పదు. ట్రెజరీ నిబంధన 1.401(ఎ)(4)-11(జి) ప్రకారం ప్లాన్ సంవత్సరం ముగిసిన తరువాత పదో నెల 15వ తేదీ లోపు వెనకటి సంవత్సరానికి వర్తించే సవరణ చేసి, కవరేజ్‌ను విస్తరించవచ్చు. ట్యాక్స్ రిటర్నుకూ ఫారం 5500కూ మీరు తీసుకున్న పొడిగింపుతో ఈ గడువుకు సంబంధం లేదు. తేదీ కలవడం యాదృచ్ఛికం. 401కె భాగంలో గతానికి డిఫరల్ చేసుకోమని ఎవరికీ చెప్పలేము కాబట్టి, కొత్తగా చేర్చిన ప్రతి వ్యక్తి ఖాతాలో, హెచ్‌సీఈలు కాని పాత సభ్యుల సగటు డిఫరల్ శాతాన్ని ఆయన 2024 జీతానికి వర్తింపజేసి వచ్చే మొత్తాన్ని క్యూనెక్‌గా (యజమాని సొంత సొమ్ముతో చేసే జమగా) వేయాలి. మ్యాచ్ భాగం కవరేజ్‌ను విడిగా పరీక్షిస్తారు. అది కూడా అదే కారణంతో ఫెయిలై ఉంటుంది కాబట్టి సగటు మ్యాచ్ శాతం కూడా కలపాలి. 32,000 డాలర్ల జీతం ఉన్న ఉద్యోగికి 5 శాతం 1,600, 3 శాతం 960, మొత్తం 2,560 డాలర్లు. 12 మందికి 30,720, ఐదుగురికైతే 12,800. జాబితా సరిచూడమని ఇంతగా చెప్పడానికి కారణం ఈ తేడాయే. క్యూనెక్ వేసిన రోజే పూర్తిగా ఉద్యోగి సొంతమవుతుంది, దానికి వెస్టింగ్ షెడ్యూల్ (సర్వీసు ఏళ్లను బట్టి కొంచెం కొంచెంగా సొంతమయ్యే పద్ధతి) పెట్టడం కుదరదు.

ఎవరిని చేర్చాలన్నది తరువాతి ప్రశ్న. కేవలం హెచ్‌సీఈలు కానివారిని చేరుస్తున్నాము కాబట్టి, నిష్పత్తి టెస్టుకు ఎవరినైనా ఎంచుకునే స్వేచ్ఛ చాలావరకు ఉంటుంది. ఖర్చు తగ్గుతుందని అతి తక్కువ గంటలు పనిచేసినవారిని ఏరి చేర్చమని సలహా ఇచ్చేవారున్నారు. నేనైతే ఒక శాఖలోని ఒక పని విభాగాన్ని, ఉదాహరణకు మొదటి శాఖ వంటగది సిబ్బందిని మొత్తంగా తీసుకోమంటాను. ఆడిట్‌లో వివరించడం తేలిక, పక్కపక్కన పనిచేసే ఇద్దరిలో ఒకరికే ఖాతా ఎందుకు తెరిచారన్న గొడవ కూడా ఉండదు. ఒకవేళ మీ ప్లాన్ డాక్యుమెంటులో ఫెయిల్‌సేఫ్ నిబంధన ఉంటే, ఎవరిని ఏ వరుసలో చేర్చాలో అందులోనే రాసి ఉంటుంది. అప్పుడు ఎంపిక మీ చేతిలో ఉండదు, కాబట్టి ముందు డాక్యుమెంటు చదవండి.

కాగితాల విషయంలో తరచూ మరిచిపోయేది ఒకటుంది. రెస్టారెంట్ ఎల్ఎల్‌సీ ప్లాన్‌లో పార్టిసిపేటింగ్ ఎంప్లాయర్‌గా సంతకం చేయాలి, దాని సిబ్బంది క్యూనెక్‌లు దాని ఖాతా నుంచే వెళ్లాలి. భాగస్వామికి 10 శాతం ఖర్చు పడుతుంది కాబట్టి ఆయనకు ముందే చెప్పండి. ఎల్ఎల్‌సీ 2024 రిటర్నుకు పొడిగింపు తీసుకుని ఉంటే గడువు సెప్టెంబర్ 15. ఆలోపు సొమ్ము జమ అయితే 2024 ఖర్చుగా చూపవచ్చేమో మీ సీపీఏను అడగండి. సంతకానికి అక్టోబర్ 15 వరకు సమయం ఉన్నా, నేను చేసే పనుల్లో రెండూ సెప్టెంబర్ మొదటి వారంలోనే ముగించమని ఒత్తిడి చేస్తాను.

గడువు దాటితే ఏమవుతుందని కూడా అడిగారు. కవరేజ్ లోపాన్ని అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ డెమోగ్రాఫిక్ ఫెయిల్యూర్ అంటుంది. అలాంటిదాన్ని సరిదిద్దుకోవడానికి రెవెన్యూ ప్రొసీజర్ 2021-30లోని వీసీపీ (ఐఆర్ఎస్ ఆమోదంతో స్వచ్ఛందంగా సరిదిద్దుకునే) దారి ఉంది. అంటే అదే సవరణ, అదే క్యూనెక్‌లు, వాటిపై గడచిన కాలానికి రాబడి, వీటితో పాటు ప్లాన్ ఆస్తులను బట్టి ఐఆర్ఎస్‌కు రుసుము, న్యాయవాది ఫీజు. సెక్యూర్ 2.0 చట్టం స్వయం సవరణ పరిధిని పెంచిన మాట నిజమే కానీ, దాని మీద ఆధారపడే ముందు ఎరిసా (రిటైర్‌మెంట్ ప్లాన్ల చట్టం) న్యాయవాది అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోండి. ఏమీ చేయకుండా వదిలేస్తే, సెక్షన్ 402(బి)(4) ప్రకారం కవరేజ్ లోపం వల్లే ప్లాన్ అర్హత పోయినప్పుడు పన్ను దెబ్బ పడేది హెచ్‌సీఈల మీద. వారి ఖాతాల్లో అంతకు ముందు పన్ను పడని వెస్టెడ్ మొత్తమంతా ఆదాయంగా లెక్కకు వస్తుంది. ఏళ్ల తరబడి దాచుకున్న మీ ఖాతా, మీ శ్రీమతి గారి ఖాతా కూడా అందులో ఉంటాయి.

మీరు అడగకపోయినా ఒక మాట. మీ శ్రీమతి గారి పేరున వేరే వ్యాపారం ఏదైనా ఉంటే అది కూడా టీపీఏకు చెప్పండి. నా క్లయింట్లలో ఒక జంట ఉన్నారు. భర్తది ఐటీ సంస్థ, భార్యది టెక్సస్‌లో దంతవైద్యశాల. రెండూ వేర్వేరని వారు అనుకున్నారు. భార్యాభర్తల వాటాలను కలపకుండా ఉండే మినహాయింపు ఉంది కానీ, దానికి ఒకరి వ్యాపారంలో మరొకరికి వాటా, ఉద్యోగం, నిర్వహణ పాత్ర ఏవీ ఉండకూడదు. ఆ భర్త వైద్యశాల జీతాల చెల్లింపులు, నియామకాలు తానే చూసుకునేవారు. దాంతో వైద్యశాల సిబ్బంది అంతా ఆయన ప్లాన్ టెస్టులోకి వచ్చారు.

చివరగా, 2024ను సరిచేసినంత మాత్రాన 2025 సరికాదు. రెస్టారెంట్ సిబ్బంది ఇప్పటికీ బయటే ఉన్నారు, 2023 చివర్లో చేరినవారు కూడా ఈ ఏడాది లెక్కలోకి వచ్చేశారు. అయితే 401కె భాగంలో సంవత్సరంలో ఏ రోజైనా డిఫరల్ హక్కు ఉన్న వ్యక్తి ఆ ఏడాదికి లబ్ధిదారుగా లెక్కకు వస్తారు. కాబట్టి అక్టోబర్ 1 నుంచి కావలసినంత మందికి ప్లాన్ తెరిస్తే 2025కు క్యూనెక్‌ల అవసరమే రాదు. డిఫరల్ చేసుకున్నవారికి మ్యాచ్ ఇస్తే చాలు. సేఫ్ హార్బర్ ప్లాన్‌లో సంవత్సరం మధ్యలో అర్హులను తగ్గించడం కుదరదు గానీ, పెంచవచ్చు. వారికి సేఫ్ హార్బర్ నోటీసు, డిఫరల్ ఫారం ముందే చేతికివ్వండి, రెస్టారెంట్ పేరోల్‌లో డిఫరల్ కోడ్ మొదటి జీతం నాటికే పెట్టించండి. సవరణ కాగితం మీద ఉండి, ఫారాలు ఎవరికీ అందకపోతే అర్హులకు అవకాశం ఇవ్వలేదన్న వేరే ఆపరేషనల్ లోపం మొదలవుతుంది, దానికి మళ్లీ క్యూనెక్‌లు వేయవలసి రావచ్చు.